తాడు చేతికి కాదు, వాసానికి

(అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో, చదువు నేర్చుకుంటున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈవేళ ఇంటికి వెళ్ళాక ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో గాలం వేటకు వెళ్ళే మనిషి ఉంటే, ఆ మనిషి అరచెయ్యి ఒకసారి చూడండి. నాన్న కావచ్చు. పెనిమిటి కావచ్చు. కొడుకు కావచ్చు. చూపుడు వేలి మడత దగ్గర చూడండి. అరచేతికి అడ్డంగా చూడండి. గీతలు కనిపిస్తాయి. అవి బ్రహ్మ రాసిన గీతలు కావు. నైలాను తాడు కోసిన గీతలు.

మనం ఇప్పుడు అక్షరాలు చదువుతున్నాం. ఆ గీతలు కూడా చదవాలి. "సేప పడింది, సెయ్యి తెగింది, ఏటి సేత్తాం?" అని ఇన్నాళ్ళూ పసుపు అద్ది ఊరుకున్నాం. ఏం చెయ్యవచ్చో ఈవేళ మాట్లాడుకుందాం.

బావి దగ్గర నేర్చిన మాట

చిన్నప్పుడు బావిలో నీళ్ళు తోడడానికి వెళితే అమ్మ ఏం చెప్పేది? "చేంతాడు చేతికి చుట్టుకోకే!" అనేది. ఎందుకు? బిందె జారితే తాడుతో పాటు పిల్ల కూడా బావిలో పడుతుందని.

ఆవును తోలుకుని వెళ్ళేటప్పుడు కూడా అంతే. పలుపు చేతికి చుట్టుకుంటే, ఆవు బెదిరి పరిగెత్తినప్పుడు మనిషిని ఈడ్చుకుపోతుంది. ఇది మనందరికీ తెలిసిన సంగతే.

మరి సముద్రం మీద? అక్కడ బిందె కాదు, ఆవు కాదు. అక్కడ నీళ్ళలో ఉన్నది రెక్క సూర, నామాల సూర, కోనాం, కొమ్ముకోనాం. బాగా పెరిగిన రెక్క సూర వంద కిలోలు కూడా దాటుతుంది. నల్ల కొమ్ముకోనాం అంతకంటే పెద్దది. నాలుగైదు వందల కిలోలు దాటిన చేపలు కూడా ప్రపంచంలో దొరికాయి. అలాంటి చేప గాలం మింగి, ఒక్కసారి కిందికి దూకితే ఆ లాగుడు ఎంత ఉంటుంది? దాన్ని మనిషి చెయ్యి ఆపగలదా?

2025లో మన జిల్లా తీరం నుంచి వేటకు వెళ్ళిన ఒక మత్స్యకారుణ్ణి, గాలానికి పడిన కొమ్ముకోనాం సముద్రంలోకి లాగేసింది. ఆ వార్త పత్రికల్లో వచ్చింది. మీలో చాలామంది విన్నారు. విని కళ్ళు తుడుచుకున్నాం. కళ్ళు తుడుచుకున్న తరవాత ఏం చెయ్యాలి? ఆ తాడు మళ్ళీ ఇంకొకరి చేతికి చుట్టుకోకుండా చూడాలి. అందుకే ఈ ప్రసంగం.

ఒక్క గుణింతం తేడా

ముందు ఒక చిన్న పాఠం. పలక మీద రెండు మాటలు రాస్తాను. చదవండి.

ట్రాలింగ్. ట్రోలింగ్.

చూశారా? మొదటి అక్షరానికి ఒకదానిలో దీర్ఘం, రెండోదానిలో ఓత్వం. ఒక్క గుణింతమే తేడా. కానీ పనిలో చాలా తేడా ఉంది.

ట్రాలింగ్ అంటే పెద్ద మర బోటు సంచీ లాంటి వలను ఈడ్చుకుంటూ పోవడం. చాలాసార్లు ఆ వల సముద్రం అడుగున పోతుంది. దారిలో ఉన్న పెద్ద చేప, చిన్న చేప, రొయ్య, పీత అన్నీ అందులో పడతాయి.

ట్రోలింగ్ అంటే వల కాదు, గాలం. పడవ మెల్లగా నడుస్తూ ఉంటుంది. వెనక పొడవాటి తాళ్ళు పోతుంటాయి. తాడు చివర గాలం ఉంటుంది. గాలానికి చిన్న చేపనో, రంగు దారాల ఎరనో కడతారు. ఆ ఎర నీళ్ళలో ఈదుతున్న చేపలా కనిపిస్తుంది. పెద్ద చేప దాన్ని తరిమి పట్టుకుంటుంది. దీన్ని మనం "లాగుడు గాలం" అందాం.

తెరచాప తెప్పల కాలం నుంచీ మన వాళ్ళకు ఈ వేట తెలుసు. తెప్ప గాలికి పోతుంటే వెనక ఒక తాడు వదిలేవారు. అయితే ఆ తాడు రెండో కొస ఎక్కడ ఉండేది? మనిషి చేతిలో. కొన్నిసార్లు కాలి బొటనవేలికి కూడా కట్టుకునేవారు. అక్కడే ఉంది ప్రమాదం.

పక్కవాసం అంటే ఏమిటి?

కావడి చూశారు కదా? భుజం మీద బద్ద ఉంటుంది. అటో బిందె, ఇటో బిందె. రెండు బిందెలూ ఒకదానికొకటి తగలవు. మనిషి కాళ్ళకూ తగలవు. ఎందుకు? బద్ద వాటిని దూరంగా పట్టుకుంటుంది కాబట్టి.

పడవకు కూడా అలాగే రెండు వాసాలు కట్టవచ్చు. కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. పక్షి రెక్కలు చాచినట్టు అవి పడవకు అటూ ఇటూ చాచుకుని ఉంటాయి. గాలపు తాళ్ళను ఆ వాసాలకు కడతారు. ఇంగ్లీషులో దీన్ని ఔట్‌రిగ్గర్ అంటారు. మనం "పక్కవాసం" అని పిలుచుకుందాం.

దీనివల్ల రెండు మేళ్ళు ఉన్నాయి.

మొదటిది, తాళ్ళు చిక్కుపడవు. పడవ వెనక రెండు తాళ్ళు వదిలితే అవే ఒక్కోసారి మెలిపడతాయి. నాలుగు వదిలితే విరబోసిన జుట్టులా చిక్కుపడతాయి. పక్కవాసాలు ఉంటే ఎంత వెడల్పు వస్తుందో లెక్క వేద్దాం. పడవ వెడల్పు 2 మీటర్లు అనుకోండి. వాసాలు అటు 4 మీటర్లు, ఇటు 4 మీటర్లు చాచి ఉన్నాయి. 4, 2, 4 కలిపితే 10 మీటర్లు. ఇంచుమించు రెండు చీరలు పొడవునా పరిచినంత. అంత మేర తాళ్ళను విడివిడిగా వదలవచ్చు. పైగా కొన్ని ఎరలు ఇంజను రెక్క చిలికిన నురగకు దూరంగా, తేట నీళ్ళలో పోతాయి.

రెండోది, చేప మొదటి లాగుడు మనిషి మీద పడదు. వాసం మీద పడుతుంది. ఏతం మాను వంగినట్టు వాసం కాస్త వంగి, మళ్ళీ లేస్తుంది. నా దృష్టిలో ఇదే పెద్ద మేలు.

ఎలా కడతారు?

వాసానికి వెదురు పనికొస్తుంది. సరుగుడు కూడా పనికొస్తుంది. కొన్ని దేశాల్లో అల్యూమినియం గొట్టాలు, ఫైబర్ గొట్టాలు వాడతారు. చిన్న పడవకు 4, 5 మీటర్ల వాసం చాలు. పగుళ్ళు ఉండకూడదు. పురుగు పట్టి ఉండకూడదు. పచ్చి వెదురు కాకుండా, బాగా ఆరిన ముదురు వెదురు కావాలి.

వాసం మొదలు పడవ మధ్య భాగంలో, అంచు దగ్గర గట్టి దిమ్మలో కూర్చోవాలి. అక్కడ అది తలుపు బందులా కదలాలి. వేట వేళ పక్కకు దించాలి. పని అయ్యాక పైకి ఎత్తి కట్టెయ్యాలి.

పందిరి రాటను తాళ్ళతో బిగిస్తాం కదా. వాసానికి కూడా మూడు తాళ్ళు కావాలి. ఒకటి పడవ ముందుకు. ఒకటి వెనక్కు. ఒకటి పైకి, స్తంభానికి. ముందు తాడు లేకపోతే లాగుడుకు వాసం వెనక్కి పోతుంది. పై తాడు లేకపోతే నీళ్ళలోకి వంగిపోతుంది. మూడూ ఉంటేనే వాసం నిలబడుతుంది.

ఇప్పుడు గాలపు తాళ్ళు. వాసం చివర కట్టిన తాడు అన్నిటికంటే పొడవు. పడవకు దగ్గరగా కట్టిన తాడు పొట్టి. దానికి సీసం గుండు కట్టి కాస్త లోతుకు దించుతారు. పొడుగు తాడు పైన, పొట్టి తాడు కింద పోతాయి. అందుకని పడవ మలుపు తిరిగినా ఒకదానిలో ఒకటి పడవు. అయినా మలుపు మెల్లగా, పెద్ద వంపుతో తిరగాలి.

తాడు, వాసం కలిసే చోట రబ్బరు ముక్క కట్టాలి. పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీ సరిపోతుంది. చేప లాగినప్పుడు ఆ రబ్బరు సాగుతుంది. తాడు పుటుక్కున తెగదు. చేప నోరు చిరిగి తప్పించుకోదు.

వాసం కొసకు ఒక చిన్న గంట కట్టుకోవచ్చు. దూడ మెడలో గంట లాంటిదే. చేప పడగానే గణగణ మోగుతుంది. ఎవరూ తాడు చేతిలో పట్టుకుని కాపలా కూర్చోనక్కర లేదు.

చేప పడ్డాక ఏం చెయ్యాలి?

"అక్కా, వాసం కొస 4 మీటర్ల దూరాన ఉంటే తాడు చేతికి ఎలా అందుతుంది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

అందుకోసం ప్రతి గాలపు తాడుకు ఒక చిన్న పిల్ల తాడు కట్టి, దాని కొస పడవలో ఉంచుతారు. గంట మోగగానే ఇంజను వేగం తగ్గిస్తారు. పిల్ల తాడు లాగితే పెద్ద తాడు పడవ దగ్గరకు వస్తుంది.

ఇక్కడే జాగ్రత్త. చేపను లోపలికి లాగేటప్పుడు తాడు చేతుల్లోకి రాక తప్పదు. పక్కవాసం ఉంది కదా అని ఆ క్షణంలో ఏమరుపాటు పనికిరాదు. అయిదు మాటలు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి. తాడు చేతికి చుట్టుకోకూడదు. నడుముకు, కాలికి కట్టుకోకూడదు. తాడు వదిలితే జారిపోయేలా ఉండాలి.

రెండు. చేతులకు తొడుగులు ఉండాలి.

మూడు. లాగిన తాడు కాళ్ళ కింద పడెయ్యకూడదు. బుట్టలో వేసుకోవాలి. చేప మళ్ళీ పరిగెత్తితే కింద ఉన్న తాడు ఉచ్చులా పాదానికి బిగుస్తుంది.

నాలుగు. పదునైన కత్తి చేతికి అందేచోట ఉండాలి. అవసరమైతే తాడు కొయ్యాలి. గాలం పోతే కొనుక్కోవచ్చు.

అయిదు. మరీ పెద్ద చేప పడితే దానితో పెనుగులాడకూడదు. తాడు చివర ఒక తేలే బోయా కట్టి నీళ్ళలోకి వదలాలి. చేప బోయాను లాగి లాగి అలసిపోతుంది. పడవ దూరంగా ఉండి బోయాను కనిపెట్టుకుని ఉంటే చాలు. అలిసిన చేపను అప్పుడు పట్టుకోవచ్చు.

ఇంకొక సంగతి. మీకు తక్కెడ తెలుసు. తక్కెడ కొసన కొంచెం బరువు పెట్టినా పుల్ల వాలిపోతుంది. పక్కవాసం కూడా అంతే. చాలా పెద్ద చేప వాసం కొసను పట్టి లాగితే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. అందుకని గాలపు తాడును వాసం కొసకు సన్నటి దారంతో కట్టాలి. మామూలు చేపకు ఆ దారం ఆగుతుంది. పెద్ద చేప లాగితే తెగిపోతుంది. అప్పుడు లాగుడు పడవలో గట్టి కొయ్యకు వస్తుంది. అంటే వాసం దగ్గర పట్టు మెత్తగా, కొయ్య దగ్గర పట్టు గట్టిగా ఉండాలి. ఆ రెండు పట్ల మధ్య మనిషి ఉండకూడదు.

ఒడ్డుకు వచ్చేటప్పుడు, అలల్లోంచి పడవ తోసేటప్పుడు వాసాలు పైకి ఎత్తి గట్టిగా కట్టాలి. గాలి ఎక్కువైనప్పుడు దించకూడదు. పక్కన ఇంకొకరి వలలు ఉన్నచోట దించకూడదు.

దూరదేశం కథ

ఫ్రాన్సు దేశంలో గ్రోయ్ అనే చిన్న దీవి ఉంది. వంద ఏళ్ళకు ముందు ఆ దీవి వాళ్ళు సూర వేటకు పేరు పొందారు. వాళ్ళవి తెరచాప పడవలు. ఇంజను లేదు. ప్రతి పడవకూ రెండు పక్కలా రెండు పొడవాటి వాసాలు ఉండేవి. ఒక్కో వాసానికి వరసగా గాలపు తాళ్ళు కట్టి, గాలికి పోతూ సూర చేపలు పట్టేవారు.

ఆ దేశంలో చాలా ఊళ్ళలో చర్చి గోపురం మీద గాలి దిక్కు చూపే కోడిపుంజు బొమ్మ ఉంటుంది. గ్రోయ్ దీవి చర్చి మీద మాత్రం కోడి లేదు. సూర చేప బొమ్మ ఉంది. తమకు అన్నం పెట్టిన చేపను వాళ్ళు గుడి మీద పెట్టుకున్నారు.

నేను ఈ కథ ఎందుకు చెప్పానంటే, పక్కవాసం కొత్త వింత కాదు. కోట్లు పెట్టి కొనే యంత్రమూ కాదు. గాలితో నడిచే పడవ మీద పేదవాళ్ళు వాడిన పనిముట్టు. వెదురు, తాడు, రబ్బరు, గంట. అన్నీ మన సంతలో దొరికేవే.

ఖర్చు, రాబడి

లాగుడు గాలంలో నష్టం లేదా? ఉంది. ఇంజను నడుస్తున్నంతసేపూ నూనె కాలుతుంది. చేప లేని చోట ఊరికే తిరిగితే నూనె డబ్బులు కూడా రావు. అందుకే పిట్టలు ఎక్కడ గుంపుగా వాలుతున్నాయో చూసి అటు పోవాలి. హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఉంది. పేరు ఇన్‌కాయిస్. 1999లో పెట్టారు. చేపలు ఎక్కడ ఉండవచ్చో, అలలు ఎంత ఎత్తు రావచ్చో ఆ కేంద్రం తెలుగులో కూడా కబురు ఇస్తుంది. ఆ కబురు చదవడానికి ఇంట్లో ఒకరికి చదువు రావాలి. ఆ ఒకరు మీరే ఎందుకు కాకూడదు?

గాలానికి పడ్డ చేప వలలో నలిగిన చేపలా ఉండదు. ఒంటి మీద దెబ్బ ఉండదు. ధర బాగా పలుకుతుంది. కానీ సూర చేపను పట్టిన వెంటనే ఐసులో పెట్టాలి. ఎండలో ఉంచితే దానిలో ఒక రకం విషం పుడుతుంది. తిన్నవాళ్ళకు ఒళ్ళంతా ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. వండినా ఆ విషం పోదు. అమ్మే మనమే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

"వేట మగవాళ్ళది, మనకేటి తెలుసు?"

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. సరే, ఒక ప్రశ్న అడుగుతాను. పడవకు, వలకు, ఇంజనుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పొదుపు సంఘం అప్పు ఎవరి పేరున ఉంది? తాకట్టు పెట్టిన పుస్తెలు ఎవరివి?

అప్పు మన పేరున ఉంటే, ఆ డబ్బుతో ఏ తాడు కొన్నారో అడిగే హక్కు కూడా మనదే.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టి పెరగాలని ఈ నియమం. 2025లో ఆ రోజుల భృతి కింద రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. పడవ ఒడ్డున ఉండే ఆ రెండు నెలలే పక్కవాసం కట్టుకోవడానికి మంచి సమయం. ముందు ఒక పడవకు కట్టి చూడండి. బాగుంటే రెండో పడవకు కట్టవచ్చు. సలహా కావాలంటే విశాఖపట్నంలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వారి కేంద్రం ఉంది. పడవలు, వలలు, గాలాల మీద కూడా వాళ్ళు పని చేస్తారు. నలుగురు కలిసి వెళ్ళి అడగండి.

దుకాణానికి మీరూ వెళ్ళండి. నైలాను తాడు చుట్ట మీద ఎన్ని మిల్లీమీటర్ల మందమో రాసి ఉంటుంది. గాలాల పెట్టె మీద అంకె ఉంటుంది. ఆ అంకెలో ఒక తమాషా ఉంది. ఉత్త అంకె ఉంటే, అంకె పెరిగిన కొద్దీ గాలం చిన్నది. 8 కంటే 4 పెద్ద గాలం. అంకె పక్కన గీత గీసి సున్నా ఉంటే లెక్క తిరగబడుతుంది. 4/0 కంటే 8/0 పెద్ద గాలం. ఈ సంగతి తెలిస్తే దుకాణంలో మోసపోరు.

ఎర కట్టడం కూడా మన చేతిపని కాగలదు. తెల్ల కోడి ఈకలు, మెరిసే రంగు దారాలు గాలానికి చుట్టి ఎరలు చేస్తారు. జడలు అల్లే చేతులకు, పూలు కట్టే చేతులకు ఇది కష్టం కాదు.

చివరిగా ఒక కాగితం మాట. వేటకు వెళ్ళే వాళ్ళకు ప్రమాద బీమా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో, ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అని పెట్టారు. కానీ పేరు నమోదై ఉండాలి. మీ ఇంటి మనిషి పేరు పట్టీలో ఉందో లేదో, అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో మీరే చదివి చూసుకోండి. ఆ డబ్బు మనకు అవసరం రాకూడదనే కోరుకుందాం. అవసరం రాకుండా ఉండాలంటే తాడు చేతికి కాదు, వాసానికి ఉండాలి.

రేపు తెల్లవారుజామున పడవ తోసేటప్పుడు గంజి డబ్బా చేతికి ఇస్తారు కదా. దానితో పాటు ఈ మాట కూడా చెప్పండి. "తాడు చేతికి చుట్టుకోకు." బావి దగ్గర అమ్మ మనకు చెప్పిన మాటే.



మాట్లాడుకుందాం

1. ట్రాలింగ్, ట్రోలింగ్ – ఈ రెండు మాటలు పలక మీద రాయండి. తేడా చెప్పండి.

2. పక్కవాసానికి మూడు తాళ్ళు ఎందుకు కావాలి?

3. పడవ వెడల్పు 2 మీటర్లు. ఒక్కో పక్క 5 మీటర్ల దాకా వాసం చాచి ఉంది. మొత్తం వెడల్పు ఎంత?

4. మీ ఇంట్లో గాలం వేటకు వెళ్ళే వాళ్ళు తాడును ఎలా పట్టుకుంటారు? అడిగి తెలుసుకోండి. వచ్చే సమావేశంలో చెప్పండి.